ఎవరూ పట్టించుకోలేదు

నిద్రమొహానికి ఒక సుగుణం ఉంది. పక్కన పిడుగు పడ్డా లేవడు. మనసులో కల్మషం లేనివాళ్లకే అలాంటి నిద్ర పడుతుందని తనే అందరికీ చెప్పుకునేవాడు. చిన్నప్పుడు బడివేళకి అతన్ని లేపడానికి అక్క తలుపు మీద కొట్టేది. టక్ టక్... టక్. ఆ మూడో టక్కుకి మాత్రం ఠక్కున లేచేవాడు, నాలుగోది వీపు మీద పడుతుంది కనక. ఆ పేరు పెట్టిందీ అక్కే.

పెద్దయ్యాక గురువంటూ లేకుండా డ్రైవర్లు రాయడం నేర్చుకున్నాడు. డ్రైవరంటే కంప్యూటర్‌కీ, దానికి తగిలించిన పరికరానికీ మధ్య మాటలు మోసే ప్రోగ్రాం. పాపం బాబాయి ఇంకోలా అర్థం చేసుకుని, స్టేషన్‌కి తీసుకెళ్లమని కారు తాళాలిచ్చాడు. రాదని చెప్పడం నామోషీ అనిపించి కూర్చున్నాడు కూడా. బాబాయి వాళ్ల గేటు ఇప్పటికీ వంకరగానే ఉంది.

బావ, అంటే అక్క మొగుడు, అతనూ కలిసి మేడ కింద గదిలో పిలుపుపెట్టెలు తయారుచేస్తున్నారు. మంచం పట్టినవాళ్లు బటన్ నొక్కితే కింద గంట మోగాలి. మొదటి పెట్టె అక్క మంచం పక్కనే పెట్టారు. గుండె ఆపరేషనయ్యాక ఆవిడకి గొంతెత్తి పిలిచే ఓపిక లేదు. "నొక్కితే చాలక్కా, వచ్చేస్తా," అని మాటిచ్చాడు తమ్ముడు.

ఒకటే చిక్కు. బ్యాటరీ ఆదా కోసం పెట్టె కాసేపటికి నిద్రలోకి జారుకుంటుంది. అప్పుడు ఒక్కోసారి ఎవరూ నొక్కకుండానే పిలుస్తుంది. వీళ్ల భాషలో దొంగ పిలుపు. బావ పరుగున వెళ్తే అక్క, ఎందుకొచ్చావన్నట్టు చూసేది. పిలుపు రాగానే కంప్యూటర్ పెట్టెలన్నిటినీ అడుగుతుంది, పిలిచింది నువ్వేనా అని. నిద్రమత్తులో ఏ పెట్టయినా పొరపాటున అవునన్నా గంట మోగుతుంది. అన్నీ కాదంటే మోగదు, బల్ల మీద ఎర్రదీపం మినుక్కుమంటుంది, అంతే. అలాంటివి మరీ ఎక్కువైతే తెర మీద ఒక ముక్క రాసి, పిలుపులొచ్చే ఆ దారే మూసేస్తుంది. ఆ ముక్కని నిద్రమొహం ముచ్చటపడి తెలుగులో పెట్టుకున్నాడు: ఎవరూ పట్టించుకోలేదు. బావకి తెలుగులో టైపు చెయ్యడం రాదని తెగ ఏడిపించేవాడు కూడా.

"నిద్రలో ఉండగా వచ్చేవన్నీ దొంగవే అనుకుందాంరా, పీడా పోతుంది," అన్నాడు బావ.

"వద్దు బావా. వాటిల్లో నిజంది ఒకటుంటే? పెట్టెని లేపి అడగాలి. నేను సరిచేస్తాగా."

బావ అలాగేనని భుజం తట్టాడు.

ఆ మధ్యాహ్నం వాన. గదినిండా తడిసిన సున్నం వాసన. కిటికీ రెక్కలు మూసేసరికి పట్టపగలే చీకటి. బావ పైన అక్క దగ్గర ఉన్నాడు. నిద్రమొహం బల్ల మీదున్న రెండో పెట్టె పిలవకుండా దాని బ్యాటరీలు తీసి జేబులో వేసుకున్నాడు.

ఎర్రదీపం మినుక్కుమంది. ఇంకోసారి. ఆగింది. మళ్లీ ఒకసారి.

తీగకి చెమ్మ తగిలిందనుకుని తుడిచాడు. అతుకు ఊడదీసి మళ్లీ వేశాడు. ఇవాళ దొంగ దొరికినట్టేనని లోలోపల సంబరం. ఈల కూడా వేశాడు. దీపం మాత్రం ఆగలేదు. రెండు... ఒకటి. రెండు... ఒకటి.

ఈల ఆగిపోయింది. బావకి ఫోన్ చేశాడు, అక్క పిలుస్తోందేమో చూడమని.

"లేదురా... పడుకుంది." గుసగుసగా వచ్చింది బావ గొంతు. "నీ పని చూసుకో."

తెర మీద ముక్క పడింది. ఎవరూ పట్టించుకోలేదు. దారి మూసుకుపోయింది. ఇక దీపం వెలగడానికి వీల్లేదు.

వెలిగింది.

రెండు... మూడోది రాలేదు.

అక్క పెట్టె డ్రైవర్ తెరిచాడు. అందులో తను రాయని వరుస ఒకటుంది, ఇంగ్లీషులో. పెట్టె నిద్రలో ఉంటే, ఎవరడిగినా 'నేను కాదు' అని చెప్పెయ్. పక్కనే తేదీ ఉంది, భుజం తట్టిన రోజునే చేర్చాడు బావ. అక్క నొక్కుతూనే ఉంది. అక్క తరఫున ఆ వరుస కాదంటూనే ఉంది.

మెట్లు ఎలా ఎక్కాడో తెలియదు. బావ ముందుగదిలో సోఫా మీద ఉన్నాడు, దిండు నలిగి ఉంది. లోపల అక్క బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది. గోరు తెల్లగా పాలిపోయి... చెయ్యి చల్లగా...

"లోపలికెళ్లి చూశావా బావా?"

"గంట మోగలేదు కదరా." బావ మొహం తిప్పుకున్నాడు. "దొంగ పిలుపులకి లేచీ లేచీ... ఒక్క పూట కంటినిండా పడుకుందామని..."

నిద్రమొహం అతని చొక్కా పట్టుకుని కిందికి లాక్కొచ్చాడు. తెర ముందు నిలబెట్టాడు. చదవమన్నాడు.

బావ కూడబలుక్కుంటూ చదివాడు. "ఎవరూ పట్టించుకోలేదు." ఆగాడు. ఇంకా కిందికి చూశాడు. గొంతు తగ్గింది. "తమ్ముడూ పట్టించుకోలేదు."

బావ అతనివైపు తిరిగాడు.

"ఈ రెండోది... నువ్వు రాశావా?"

అతను రాయలేదు. బావకి తెలుగు టైపు రాదు.

ఆ కంప్యూటర్ ఇప్పుడు లేదు. దీపం పీకి పారేశారు. బావతో మాటల్లేవు. అయినా నిద్రమొహానికి కన్ను మూతపడగానే తలుపు మీద వినిపిస్తుంది. టక్ టక్... అక్కడితో ఆగుతుంది. ఆ మూడోదాని కోసం చెవులు రిక్కించుకుని కూర్చోకుండా నిద్రపోవడం ఎలాగో, అతను ఇంకా నేర్చుకోలేదు.