పసుపు రంగు గాలిగొట్టం

ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి ఘాటుకు తుమ్మకుండా ప్రైవేటు డిటెక్టివ్ శ్రీపాద ఆఫీసు మెట్లెక్కినవాడు లేడు. డానియేలు మాత్రం తుమ్మడం కూడా మరిచిపోయి, శ్రీపాద బల్ల మీద పసుపు రంగు రబ్బరు గొట్టం పడేశాడు. వెనక అతని భార్య షారోన్ కొంగు వేళ్లకు చుట్టుకుంటూ నిలబడింది.

"నన్ను సంపనీకి చూసిండు సార్, బాలరాజ్‌గాడు!"

డానియేలు రైల్వే ఉద్యోగి. సెలవు దొరికితే చాలు, అండమాన్ వెళ్లి, చేపలకు ఇల్లవుతుందని కావాలనే ముంచిన ఓ పాత ఓడ చుట్టూ, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, నీళ్ల అడుగున ఈదుతాడు. ఆ ఓడకు ఇప్పుడు ఒళ్లంతా పగడాలే. దాన్ని వీడియో తీయడానికి అతన్నీ, నీళ్లలో అతనికి తోడుగా దిగే జోడీ స్వీటీనీ పిలిచారు. తోటి ఉద్యోగి బాలరాజ్‌కూ ఈ ఈతే పిచ్చి, కానీ పిలుపు రాలేదు. మొన్న ఫలక్‌నుమాలో వీళ్లింటికొచ్చి లొల్లి చేసి పోయాడు. ఇవాళ సామాను సర్దుతుంటే గొట్టం కోసి ఉంది.

"ఠాణాకు పోతున్న. వాని నౌకరీ ఊడగొడ్త."

"సాయంత్రం దాకా ఆగుండ్రి. అందర్నీ మీ ఇంటికే పిలువుండ్రి," అన్నాడు శ్రీపాద.

"దొంగ దొరికిండు గద సార్, ఇంకేంది?" అంది అసిస్టెంటు సక్కుబాయి. శ్రీపాద నవ్వాడు. ఆ నవ్వంటే ఆమెకు ఎంత మురిపెమో అంత కుళ్లు. ఇద్దరూ చూసింది ఒకే గొట్టం కదా, ఆయనకు కనిపించేది తనకెందుకు కనిపించదు?

సాయంత్రం శ్రీపాద, సక్కుబాయి వెళ్లేసరికి బాలరాజ్, స్వీటీ వచ్చి ఉన్నారు. డానియేలు ఇల్లు కడిగిన అద్దంలా ఉంది. గోడ మీద పెళ్లి ఫొటో, ఏసుప్రభువు పటం మెరుస్తున్నాయి. మధ్యలో ఉన్న ఫొటో మీద మాత్రం దుమ్ము పేరుకుంది. అందులో పగడాల ఓడ ముందు డానియేలు, స్వీటీ. డానియేలు సిలిండరు నుంచి వచ్చిన పసుపు గొట్టం స్వీటీ నోట్లో ఉంది.

"డానియేలంటే కుళ్లా?" బాలరాజ్‌ను అడిగాడు శ్రీపాద.

"అబద్ధమెందుకు సార్, కడుపు మండింది. లొల్లి పెట్టిన. గొట్టం మాత్రం ముట్టలే."

"గిట్ల కోస్తే నీళ్లల్ల ఏమైతది?"

"నీళ్ల దాకా పోనే పోదు. పడవ మీద గాలి విప్పంగనే బుస్సుమంటది. దునికేముందు జోడీలు ఒకరి గొట్టం ఒకరు పీల్చి చూసుకోవాలె."

స్వీటీ తలూపింది. శ్రీపాద డానియేలు వైపు తిరిగాడు.

"మీరు పీల్చే గొట్టం ఏది?"

"నల్లది సార్."

"మరి పసుపుది?"

డానియేలు గొంతు తగ్గింది. "జోడీకి. వాళ్ల గాలి ఒడిస్తే ఇచ్చేది."

"మిమ్మల్ని చంపదల్చుకున్నోళ్లు నల్లదాన్ని కోస్తరు. బాలరాజ్‌కు ఆ తేడా తెలుసు, పడవ మీదనే బయటపడ్తదనీ తెలుసు. ఇది నీళ్లల్లకు దిగనోళ్ల పని. స్వీటీ నోట్లె ఆ గొట్టాన్ని చూసి ఓర్వలేనోళ్ల పని. గోడంత తుడిచి, ఆ ఒక్క ఫొటోను ముట్టబుద్ధిగానోళ్ల పని."

సక్కుబాయి షారోన్‌ను చూసింది.

"నేనే కోసిన," అంది షారోన్. "ఎవర్నీ సంపుదామని గాదు. ఈయన ఊపిరి ఆమె నోట్లకు పోతుంటే సూడలేకపోయిన."

"వదినా, అది గాలి ఒడిస్తే ఏం చెయ్యాల్నో నీళ్లల్ల చేసే ప్రాక్టీసు. ప్రతి జోడీ చేస్తది," అంది స్వీటీ.

"నాకెవరు చెప్పిండ్రు? ఎప్పుడడిగినా నీకు సమజ్ గాదంటడు."

డానియేలు బాలరాజ్ చేయి పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్ భాయ్." తర్వాత భార్య ముందు కూర్చున్నాడు. "ఇప్పుడడుగు. అన్నీ చెప్త."

షారోన్ కళ్లు తుడుచుకుంది. "గా ఓడ లోపట చీకటుంటదా? భయమైతదా నీకు?"

"మస్తు భయమైతది. దిగినప్పుడల్లా చేతులు వణుకుతయి."

సక్కుబాయి స్వీటీ వైపు చూసింది. నీళ్లలో ఇన్నేళ్ల జోడీకి కూడా ఆ సంగతి తెలియదని ఆమె ముఖమే చెప్పింది.