ఒకే పేరుతో రెండు ప్రింటర్లు

ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు సాయికిరణ్ చనిపోయాడు.

టేకులపల్లి దాటాక అడవిలోకి తిరిగే పాత బొగ్గు రోడ్డు. జూలై ముసురు. అతను నడుపుతున్న లారీ నిండా మిర్చి బస్తాలు, పైన టార్పాలిన్. బస్తాల అడుగున ఒక ఉక్కు పెట్టె. పెట్టెలో రక్షణ శాఖ తయారుచేస్తున్న కొత్త రాడార్‌లోని కీలకమైన భాగం.

రెండో కల్వర్టు దగ్గర రోడ్డుకు అడ్డంగా టేకు దుంగ పడి ఉంది. సాయికిరణ్ బ్రేకు వేసి, అద్దం దించి తల బయట పెట్టాడు. చెట్ల మధ్య నుంచి సైలెన్సర్ బిగించిన తుపాకీ రెండుసార్లు దగ్గింది.

ఆరు నిమిషాల తర్వాత అక్కడ లారీ ఉంది, బస్తాలు ఉన్నాయి, శవం ఉంది. పెట్టె లేదు. సాయికిరణ్ చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి నెత్తురులో తడిసింది. ఆ రోజు ఏ దారిన వెళ్ళాలో చెప్పే రూట్ షీట్ అది.

*

ఖమ్మంలో పేరు బోర్డు లేని ఒక ఆఫీసు. లాల్‌సింగ్ తలుపు వేసి కూర్చున్నాడు. ఆ గూఢచార విభాగానికి డిప్యూటీ డైరెక్టర్ అతను. ఎదురుగా ఏజెంట్ ఫజిలత్. నలభై రెండేళ్ళు. ఖమ్మంలోనే పుట్టి పెరిగిన మనిషి. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆమె ఫోటో ఏ పత్రికలోనూ పడలేదు.

"దారులెన్ని సార్?"

"మూడు. ఏ రోజు ఏ దారో బండి కదిలే అరగంట ముందు ఢిల్లీ తేలుస్తది."

"ఎవరెవరికి తెలుస్తది?"

"ఢిల్లీల ఒక్కడికి. పెట్టెలు బయల్దేరే అడవి క్యాంప్ ఇన్‌చార్జ్ అనిల్‌కుమార్‌కు. షీట్ ప్రింట్ తీసే క్లర్క్‌కు. డ్రైవర్‌కు."

"డ్రైవర్ పోయిండు గద."

"ఆ క్లర్క్ డ్రైవర్ భార్యనే. పేరు సాహిత్య. కల్లూరు పిల్ల. నిన్ననే మళ్ళ డ్యూటీల చేరింది."

ఫజిలత్ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసింది.

"రెండో పెట్టె గురువారం పోతది," అన్నాడు లాల్‌సింగ్. "ఆ రెండూ కలిస్తేనే రాడార్. రెండోది గూడ దొరికితే మన రాడార్ కండ్లు ఎట్ల కప్పాల్నో సరిహద్దు అవతలోళ్ళకు తెలిసిపోతది. నీకు రెండు రోజుల టైమ్. క్యాంపుల మన మనిషి ఒకామె ఉంది. కమ్యూనికేషన్స్ కన్సల్టెంట్ వేషంల. నీకు తెలిసిన మనిషే. జ్యోత్స్న."

ఫజిలత్ ముఖం కాస్త తేలికపడింది. పదకొండేళ్ళ క్రితం జ్యోత్స్నకు ట్రైనింగ్ ఇచ్చింది తనే. తన చేతి కింద తయారైన వాళ్ళందరిలో చురుకైన పిల్ల.

బయటికి వచ్చేసరికి ఫజిలత్ ప్రింటర్ మెకానిక్. బూడిద రంగు కోటు, గోళ్ళ సందుల్లో టోనర్ పొడి నలుపు, భుజాన పాత రెక్సిన్ సంచి. సంచిలో టోనర్ సీసాల మధ్య సీసాలాగే ఉండే డిటెక్టర్. వైర్‌లెస్ సిగ్నల్ ఎటు నుంచి వస్తుందో అటు తిప్పితే అరచేతిలో సన్నగా వణుకుతుంది.

*

క్యాంప్ గేటు దగ్గర జ్యోత్స్న గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. నేవీ బ్లూ పట్టు చీర, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. వాన వాసనలో కూడా తెలిసిపోయే సెంటు. సెంట్రీలు ఇద్దరూ వచ్చే పోయే బండ్లను వదిలేసి ఆమెనే చూస్తున్నారు.

"కలర్ ప్రింటా, బ్లాక్ అండ్ వైటా?" అడిగింది జ్యోత్స్న.

"నలుపు చాలు. తెలుపు కాగితమే ఇస్తది."

కోడ్ సరిపోయింది. వరండాలో నడుస్తూ జ్యోత్స్న గొంతు తగ్గించింది.

"మీరే వస్తారనుకోలేదు అక్కా. నా అనుమానం అనిల్‌కుమార్ మీద. రిపోర్ట్ కూడా పంపాను. మీరు అతని గదితో మొదలుపెట్టండి."

"పెడతా. ముందు మెకానిక్‌ను గద, ప్రింటర్ చూడకపోతే బాగుండదు."

ప్రింటర్ గదిలో సాహిత్య ఒక్కతే ఉంది. ఇరవై ఏడేళ్ళు ఉంటాయేమో. మణికట్టుకు మగవాళ్ళ వాచీ వదులుగా వేలాడుతోంది. మనిషి కుర్చీలో కూర్చున్నట్టు లేదు, ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టుంది.

"ఫోన్‌తోని ప్రింట్ ఎట్ల తీస్తవో ఒకసారి చూపియ్యమ్మా," అంది ఫజిలత్.

"కంప్యూటర్ల ఫైల్ ఉండొద్దని మార్చిల అన్నీ ఎత్తేసిండ్రు మేడమ్. ఇక్కడ సెల్ సిగ్నల్ గూడ ఉండది, జామర్లు పెట్టిండ్రు. అంతా క్యాంప్ వై-ఫై మీదనే. సార్ నా ఫోన్‌కు షీట్ పంపుతడు. నాలుగు కాపీలు తీసినంక అదే చెరిగిపోతది."

సాహిత్య ఫోన్‌లో ప్రింట్ గుర్తు నొక్కింది. గుండ్రం తిరిగింది. దగ్గరలో ఉన్న ప్రింటర్ల జాబితా వచ్చింది. రెండు పేర్లు. అక్షరం తేడా లేకుండా రెండూ ఒకటే.

"ఏంది, రెండున్నయి?"

"పైదే నొక్కాలె మేడమ్. కిందిది పాస్‌వర్డ్ అడుగుతది, ఏది కొట్టినా తీసుకోదు. మొదట్ల నాకు ఫోన్ కలవక మూడు రోజులు ఏడ్సిన. జ్యోత్స్న మేడమే పక్కన కూసొని కలిపిచ్చింది. ఎంత ఓపికో ఆమెకు."

"పైది నొక్కితే జల్దీ వస్తదా?"

"జరంత లేటైతది. పది సెకన్లు. అడవిల ఉన్నం గద, గట్లనే ఉంటదనుకున్న."

ఫజిలత్ ప్రింటర్ మీద 'ఐ' అని రాసి ఉన్న బటన్‌ను వేలు తియ్యకుండా నొక్కి పట్టుకుంది. ప్రింటర్ తన వివరాలు తనే అచ్చు వేసి ఇచ్చింది. నెట్‌వర్క్‌లో దాని చిరునామా చివరి అంకెలు పద్నాలుగు.

ఫోన్ తీసుకుని రెండు పేర్ల వివరాలూ తెరిచింది. కింది పేరుకు పద్నాలుగు. పై పేరుకు ముప్పై ఏడు.

గదిలో ఉన్నది ఒక్కటే ప్రింటర్. పై పేరు ప్రింటర్‌ది కాదు, ప్రింటర్ వేషం కట్టిన మరో పరికరానిది. సాహిత్య పంపిన ప్రతి షీటూ ముందు దానిలోకి వెళ్తోంది. అది ఒక నకలు బయటికి పంపి, ఆ తర్వాత అసలు ప్రింటర్‌కు అందిస్తోంది. కాగితం ఎప్పటిలాగే ట్రేలోకి వచ్చి పడుతోంది. ఎవరికి అనుమానం వస్తుంది?

డిటెక్టర్ ఆమెను ఇన్వర్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. వెనక, గోడకు అంటించిన అగ్గిపెట్టెంత నల్ల పెట్టె. దాని నుంచి సన్నటి తీగ పైకప్పులోకి పోయింది. జామర్లకు చిక్కకుండా కొండల అవతలికి సందేశం పంపగల రేడియో అది. ఫజిలత్ దాన్ని ముట్టుకోలేదు.

కింది పేరుకు పాస్‌వర్డ్ పెట్టిందెవరో, పై పేరు నొక్కమని నేర్పిందెవరో ఇక వెతకనక్కర్లేదు.

*

టేకులపల్లి సెంటర్‌లో టీ కొట్టు పక్కన నిలబడి ఆమె లాల్‌సింగ్‌కు ఫోన్ చేసింది.

"జ్యోత్స్న," అంది.

"ఇప్పుడే పట్టుకుంటే బయటోళ్ళు ఎగిరిపోతరు. మొదటి పెట్టె గూడ పోతది," అన్నాడు లాల్‌సింగ్. "గురువారం దొంగ రూట్ ఒకటి పంపిద్దాం. మన లారీ, లోపల మనోళ్ళు. రోడ్డు పక్కన గూడ మనోళ్ళే. కాని షీట్ ఆ పిల్ల ఫోన్ నుంచే పోవాలె. అలవాటైన ఫోన్ గాకపోతే వాళ్ళు నమ్మరు."

"ఆమెకు చెప్పాల్నా?"

"చెప్పకు. తెలిస్తే చెయ్యి వణుకుతది."

గురువారం ఎనిమిదిన్నరకు ఫజిలత్ మళ్ళీ ప్రింటర్ గదిలోకి వచ్చింది. సాహిత్య లేచి తలుపు దగ్గరగా వేసింది.

"మీరు మెకానిక్ గాదు."

"ఎందుకట్లంటున్నవ్?"

"ప్రింటర్ బాగుచేసేటోళ్ళు ప్రింటర్ దిక్కు చూస్తరు. మీరు నా మొఖం దిక్కు చూసిండ్రు." ఆమె గొంతులో తడి లేదు. "నిజం చెప్పుండ్రి. ఆ పొద్దు వాళ్ళకు దారి చెప్పింది ఆ రెండు పేర్లల్ల ఏది?"

అబద్ధం చెప్పడం ఫజిలత్ వృత్తి. పద్దెనిమిదేళ్ళుగా దాంతోనే బతికింది. ఈ పిల్ల ముందు అది నోటికి రాలేదు.

"పైది."

సాహిత్య తల ఊపింది. తనకు ముందే తెలిసిన మార్కులు ఇంకొకరు చదివి వినిపించినట్టుగా.

"నాలుగో కాపీ డ్రైవర్‌ది. నేనే మడిచి ఆయన జేబుల పెట్టిన. వాన పడుతుంది, పైలంగ పోయిరా అన్న. ఆయనకన్న ముందు వాళ్ళకే చేరిందన్నట్టు."

"అవ్."

"నా చేత్తోనే."

"నీ చెయ్యిని ఇంకొకరు వాడుకున్నరు బిడ్డా."

"చెయ్యైతే నాదే గద."

బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. సాహిత్య అటు చూస్తూనే అడిగింది.

"ఇయ్యాల గూడ పైదే నొక్కాల్నా?"

"అవ్. ఇయ్యాల కాయితంల ఉన్నది అబద్ధం. వచ్చేటోళ్ళ కోసం మనోళ్ళు కూసొని ఉన్నరు."

"సరే," అంది సాహిత్య. చీర చెంగుతో ఫోన్ అద్దం తుడిచింది.

*

తొమ్మిది గంటల ఐదు నిమిషాలు. అనిల్‌కుమార్ పంపిన షీట్ ఫోన్‌కు వచ్చింది. అదే నిమిషంలో జ్యోత్స్న గదిలోకి వచ్చింది. బూడిద రంగు చీర, చేతిలో కాఫీ కప్పు, ముఖాన చిరునవ్వు.

"కానివ్వు సాహిత్యా, నేనేం డిస్టర్బ్ చెయ్యను."

ఫజిలత్ నేల మీద కూర్చుని, తీసేసిన పాత టోనర్ కార్ట్రిడ్జ్ విప్పుతోంది. తల ఎత్తలేదు.

సాహిత్య ప్రింట్ నొక్కింది. గుండ్రం తిరిగింది. రెండు పేర్లు. ఆమె చెయ్యి వణకలేదు. పైది నొక్కింది.

పది సెకన్లు. ప్రింటర్ మూలిగి నాలుగు కాగితాలు బయటికి తోసింది. రూట్: పాత బొగ్గు రోడ్డు. కొండల అవతల ఎవరో ఇప్పటికే దాన్ని చదివి ఉంటారు.

"గుడ్," అంది జ్యోత్స్న. వెళ్ళబోతూ ఆగి, ఆప్యాయంగా సాహిత్య భుజం మీద చెయ్యి వేసింది. "ధైర్యంగా ఉన్నావు. సాయికిరణ్ ఉంటే సంతోషించేవాడు."

సాహిత్య భుజం నిప్పు తగిలినట్టు వెనక్కి పోయింది.

అర క్షణం. అంతే. కాని జ్యోత్స్నకు మనుషుల్ని చదవడం నేర్పింది ఫజిలత్. కాఫీ కప్పు బల్ల మీదికి చేరింది. ఎడమ చేతిలోకి ఫోన్ వచ్చింది, కుడి చేతిలోకి అరచేతిలో ఇమిడే పిస్టల్ వచ్చింది.

"కదలకండి అక్కా. నాకు పది సెకన్లు చాలు."

బొటనవేలితో ఒక్క మాట టైప్ చేసింది. 'రావద్దు'. ప్రింట్ నొక్కింది. జామర్లున్న ఆ క్యాంపు నుంచి ఆమె మాట బయటికి పోయే దారి అదొక్కటే. ఫోన్‌లో గుండ్రం తిరగడం మొదలైంది.

ఫజిలత్‌కూ ఆమెకూ మధ్య నాలుగు అడుగుల దూరం.

"ఎందుకు జ్యోత్స్నా?"

"మొదట ఒక్క కాగితమే అడిగారు. ఇచ్చాను. తర్వాత దాన్ని చూపించి మిగతావన్నీ అడిగారు. డ్రైవర్‌ను చంపుతారని నాకు చెప్పలేదు."

"చెప్తే ఆపేదానివా?"

జ్యోత్స్న ఫోన్ వైపే చూసింది. జాబితా వచ్చింది. రెండు పేర్లు. ఆమె వేలు పై పేరు వైపు వంగింది.

సాహిత్యను ఎవరూ చూడటం లేదు. బల్ల వెనక గోడకు వై-ఫై రూటర్ ఉంది. ఆమె రెండు చేతులతో తీగలన్నీ కలిపి పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగింది. ప్లగ్గు, సాకెట్, సున్నం పెచ్చు, అన్నీ ఊడి వచ్చాయి. రూటర్ మీది పచ్చ దీపాలు ఆరిపోయాయి.

జ్యోత్స్న ఫోన్‌లో రెండు పేర్లూ మాయమయ్యాయి. ప్రింటర్ కనిపించడం లేదు అని తెర మీద వచ్చింది.

జ్యోత్స్న గిర్రున తిరిగి కాల్చింది. సాహిత్య మోచేతి కింద నెత్తురు చిమ్మింది. అప్పటికే ఫజిలత్ చేతిలోని టోనర్ గాల్లో ఉంది. నల్లటి పొడి జ్యోత్స్న కళ్ళ నిండా, నోటి నిండా పడింది. రెండో గుండు పైకప్పులోకి పోయింది. మూడోదానికి ముందే ఆమె మణికట్టు ఫజిలత్ చేతిలో విరిగింది.

*

తొమ్మిది నలభై రెండుకు బొగ్గు రోడ్డులో టేకు దుంగ పక్కన ముగ్గురు మనుషులు లారీ కోసం లేచి నిలబడ్డారు. ఒకడు అక్కడే పడ్డాడు. ఇద్దరు చేతులు ఎత్తారు. ఆ ఇద్దరూ చెప్పిన గుర్తుల ప్రకారం మధ్యాహ్నానికి పెనుబల్లి అవతల ఒక మిర్చి గోదాములో మొదటి పెట్టె దొరికింది. సీలు తెరవలేదు. రెండూ కలిసేదాకా ఆగుదామనుకున్నారట.

జీపు ఎక్కించే ముందు ఫజిలత్ తన దుపట్టా తడిపి జ్యోత్స్న కళ్ళు తుడిచింది.

దవాఖానాలో చేతికి కట్టు కట్టించుకుని సాహిత్య మూడో రోజు డ్యూటీకి వచ్చింది. ఇంట్లో ఉండలేనంది. ఫజిలత్ అప్పటికి ప్రింటర్‌ను అట్టపెట్టెలో సర్ది టేపు వేస్తోంది. సాహిత్య పక్కన కూర్చుని టేపు చివర పట్టుకుంది.

"ఇప్పుడు నిద్ర పడుతుందా?" అడిగింది ఫజిలత్.

"లేదు."

ఫజిలత్ ఆమె బాగున్న చేతిని తన చేతిలోకి తీసుకుని కాసేపు వదల్లేదు.

అప్పుడే ఢిల్లీ నుంచి కొత్త భద్రతా ఉత్తర్వు సాహిత్య ఫోన్‌కు వచ్చింది. ఇకపై అన్ని క్యాంపుల్లోనూ ఫోన్ నుంచి వైర్‌లెస్ ప్రింటింగ్ పూర్తిగా నిషేధం. తక్షణం అమలు. ఈ ఉత్తర్వును వెంటనే నాలుగు ప్రింట్లు తీసి గోడలకు అంటించవలెను.

సాహిత్య దాన్ని రెండుసార్లు చదివింది. తెల్ల కాగితాలు ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసి, రాయడం మొదలుపెట్టింది. నాలుగు కాపీలకు గంటన్నర పట్టింది. మార్చి నుంచి ఆ క్యాంపులో గోడ దాటి బయటికి పొక్కని మొదటి కాగితం అదే.