వెళ్ళొస్తానన్న మాట

"యేసుపాదం గారు ఇంకా రాలేదు," అంది గేటు స్తంభం.

మంగతాయారు తల ఊపి రెండో గ్లాసు కడిగి బోర్లించింది. ఆకివీడు అవతల కనుచూపు మేరా రొయ్యల చెరువులే. వాటన్నిటికీ కాపలా ఆమె ఒక్కతే. ప్రతి చెరువులోనూ నాడిగింజలు తేలుతుంటాయి. నీట్లో ప్రాణవాయువు తగ్గితే అవే పసిగట్టి, చెరువుల్నీ పనివాళ్ళనీ చూసుకునే యంత్రబుద్ధి ఎరుకవలకు చెబుతాయి, ఎరుకవల నీళ్ళు చిలికే చక్రాలు తిప్పిస్తుంది, మేత చల్లిస్తుంది. ఒకప్పుడు మేత పళ్ళెం పైకి లాగి చూడ్డానికి గట్టు మీద జనం చేరేవారు. చుట్టలు, వెటకారాలు, తగువులు. ఇప్పుడు చూడాల్సిందేమీ లేదు కాబట్టి ఎవరూ రారు. మనిషి గొంతు వినకుండానే ఆమెకు వారాలు దొర్లిపోతున్నాయి.

పోయిన నెల ఒక నాడిగింజ మూగబోతే మార్చడానికి మెకానిక్ యేసుపాదం వచ్చాడు. పని చిటికెలో అయిపోయింది, కబుర్లు మాత్రం పొద్దు వాలేదాకా సాగాయి. పులుసులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా. గేటు దాటుతూ ఆయన "వెళ్ళొస్తానండి" అన్నాడు.

తెలుగువాడన్నాక ఇంకేమంటాడు? ఎరుకవలలో భాగమైన ఆ స్తంభానికి చెవులున్నాయి గానీ లోకజ్ఞానం లేదు. వస్తానన్నాడు కదా అని గుర్తు పెట్టుకుంది. ఆనాటి నుంచి సాయంత్రమయ్యేసరికి ఆయన కోసం గేటు దీపం వెలిగిస్తోంది, ఆయన పేరు తలుస్తోంది.

"అది మాటవరసకి అన్నదే" అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. తాయారు చెప్పలేదు. ఎదురుచూడ్డానికి ఒక పేరుండడం ఆమెకు బాగుంది.

ఆ సాయంత్రం దీపం కింద నిజంగానే మనిషి నిలబడ్డాడు. తాయారు గబగబా గేటు దగ్గరికి నడిచింది.

"రండి, రండి! టీ పెడతానుండండి."

"టీకి రాలేదండి," అన్నాడు యేసుపాదం. ముఖం ముడుచుకుపోయి ఉంది. "వస్తానని మాట తప్పేనంట. ఎరుకవల నన్ను నమ్మకం లేనోళ్ళలో కలిపేసిందండి. ఇక్కడి చెరువుల పనంతా తీసేసుకుని ఏలూరు అవతలికి తోలేత్తన్నారు."

"అయ్యో! ఊరికే అన్న మాటని ఇప్పుడే చెప్పేస్తానండి."

"అయిపోయిందండి, ఇంక మారదంట. రోజూ స్తంభం మాట ఇంటానే ఉన్నారు కదా తాయారు గారూ, అప్పుడెందుకు చెప్పలేదండి?"

ఆమె పొయ్యి వెలిగించి టీ గిన్నె పెట్టింది.

"చెబితే దీపం ఆరిపోద్దండి," అంది.

ఆయన నిలబడే టీ తాగాడు. గ్లాసు తనే కడిగి పెట్టాడు. గేటు దగ్గర "వెళ్..." అనబోయి స్తంభం వంక చూసి ఆగిపోయాడు.

"పోతున్నానండి."

గడప దాటేటప్పుడు ఎవరూ నోట అనని మాట అది. తాయారు ఉలిక్కిపడింది.

"ఇప్పుడందరం ఇలాగే అంటన్నామండి," అన్నాడాయన తల వంచుకుని. "బడికెళ్తా మా మనవరాలు కూడా."

"సరే," అంది స్తంభం.

దీపం ఆరిపోయింది. గట్టు మీద ఆయన చెప్పుల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.