రెండోసారి వేసిన పాట

జీడిపప్పు వ్యాపారి ఢిల్లేశ్వరరావు ఆంప్లిఫయరు కొనడానికి పలాస వెళ్లాడని పూండిలో అందరూ అనుకున్నారు. కాదు. మేనమామ జనార్దనరావు రేడియో షాపులో మేనమామ కూతురు తులసి ఉంటుంది, అందుకని వెళ్లాడు. ఇచ్ఛాపురం సంబంధంవాళ్లు ఆ సాయంత్రమే మాట తీసుకోవడానికి వస్తున్నారు. ఈలోగా ఆమె చేత సరే అనిపించుకోవాలి.

కలకత్తా నుంచి దిగిన స్టీరియో ఆంప్లిఫయర్లు షాపులో రెండున్నాయి. ఒకదాని ధర రెండోదానికి మూడింతలు. రెండూ వినకుండానే మనవాడు ఖరీదైనదాని మీద చెయ్యి వేశాడు.

తులసికి ఒళ్లు మండింది. "నువ్వు మారవు బావా. జీడిపప్పు పగలని గుండయితే కళ్లకద్దుకుంటావు, పగిలిన బద్దయితే మొకం తిప్పుకుంటావు. నోట్లో ఏసుకుంటే రెండూ ఒకటే కదా. ధర సూసి మెచ్చుకునే మనిసితో నాకు కుదరదు."

"నాకు సెవులున్నాయి. ఇని సెప్తాను, సూడు."

తులసి రెండింటి మీదా దుప్పటి కప్పింది. ఒకే రికార్డు రెండుసార్లు వేస్తానంది. మొదటిసారి వేసి కౌంటరు వెనకే నిలబడింది. జీడిపప్పు నాణ్యం చూసేటప్పటిలా అతను కళ్లు చిట్లించి విన్నాడు. రెండోసారి వేసి, ఇవతలికొచ్చి బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. బయట వాన మొదలైంది.

పాట అయిపోగానే అతను తడుముకోకుండా చెప్పేశాడు, రెండోదే బాగుందని. వయొలిన్ ఎంత తేటగా పలికిందో వర్ణించాడు కూడా.

తులసి లేచి దుప్పటి తీసింది. "రెండుసార్లూ తక్కువ ధరదే ఏసాను. ఖరీదైనదానికి వైరే పెట్టలేదు. రెండూ ఒకటేనంటావని ఆసపడ్డాను బావా."

ఇక ఇచ్ఛాపురమే ఖాయమని ఢిల్లేశ్వరరావుకి అర్థమైంది. చెవులు మోసం చేశాయని అనొచ్చు. కానీ అబద్ధం నోటికి రాలేదు.

"ఒకటి కాదు తులసీ. మొదటిసారి నువ్వు కౌంటరు ఎనకాల ఉన్నావు. రెండోసారి నా పక్కన కూసున్నావు. నిజంగానే పాట బాగుంది. నేనేటి సేతును."

తులసి వానకేసి తిరిగింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. అటు తిరిగే, ఏది కట్టమంటావని అడిగింది.

"తక్కువదే. ఈ బెంచీ కూడా."

ఆమె లోపలి గదిలో కునుకు తీస్తున్న తండ్రిని కేకేసి లేపింది. "నాన్నా, ఇచ్ఛాపురంవోళ్లని రావద్దని కబురెట్టు. బావకి ఆంప్లిఫయరుతో పాటు బెంచీ కూడా కావాలంట."

జనార్దనరావు కళ్లు నులుముకుంటూ వచ్చాడు. పాటలు వినడానికి ఇంట్లో కుర్చీలు లేవా, పాత బెంచీ ఎందుకని అడిగాడు. అప్పటికే ఇద్దరూ ఆ పాటే మూడోసారి వేసుకుని ఆ బెంచీ మీదే పక్కపక్కన కూర్చున్నారు.