గోడలు మూడు, గోడు ఒకటి

"ఒపల్ రాయికి పాలిష్ అయిందా?" ఫోన్‌లో గొంతు అడిగింది.

"మట్టి ఇంకా వదల్లేదు," అన్నాడు కార్మక్ టాల్‌బట్.

కోడ్ కలిసింది. అవతల గూఢచార బ్యూరో చీఫ్ డెన్‌హామ్.

"జాగ్రత్తగా విను. నిన్న నీ ఒపల్ రత్నాల కొట్లో రహస్యంగా ఫొటో తీశావే, మెడ మీద మచ్చ ఉన్నవాడు. వాడే శత్రువులు పంపిన హంతకుడు. మూడున్నరకి పోర్ట్ అగస్టాలో డ్రైవర్ వేషంలో బస్సెక్కుతున్నాడు. మన ఏజెంట్ రొవీనా అదే బస్సెక్కుతుంది."

"బస్సెక్కొద్దని ఒక ముక్క రాసి పంపితే చాలదా సార్?"

"రాత శత్రువు కూడా రాస్తాడు. ఫొటో చూస్తేనే ఆమె నమ్ముతుంది, మన రూలే అది. ఫోన్ దగ్గర పెట్టుకోదు. మూడూ ఇరవై తొమ్మిదికి డిపో కంప్యూటర్‌లో ఒక్కసారి చూసుకుంటుంది, అంతే. మనవాళ్లు అక్కడికి చేరడానికి ఇంకో గంట. ఈలోపు ఆమె ప్రాణం నీ నెట్ మీద ఉంది."

ఫోన్ పెట్టేసరికి మూడూ పది. కార్మక్ ఫొటో పంపే బటన్ నొక్కాడు. మిగిలిన సమయం: నలభై ఒక్క నిమిషాలు.

బయట నలభై ఆరు డిగ్రీల ఎండ. ఆస్ట్రేలియా ఎడారి ఊరు కూబర్ పీడీలో అందరిలాగే కార్మక్ ఇల్లూ రాతిలో తొలిచిందే, లోపల చల్లగా ఉంటుంది. అయినా అతనికి చెమట పట్టింది. చుట్టూ కొండరాయి, ముందు కంప్యూటర్, అందులో మూడు ఫైర్‌వాల్స్. ఒకటి కంప్యూటర్‌తో పుట్టింది. రెండోది బ్యూరో ఇచ్చింది. మూడోది, ఉక్కుకంచె, రెండు వారాల కిందట క్యాన్‌బెర్రా నుంచి సహాయానికొచ్చిన ఏజెంట్ ఇమోజెన్ లిప్‌స్టిక్ గొట్టంలో దాచి తెచ్చింది. బయటికి వెళ్లే ప్రతి ముక్కనీ మొదటి కాపలావాడు సోదా చేస్తాడు, రెండోవాడు మళ్లీ చేస్తాడు, మూడోవాడు ఆ ఇద్దరినే దొంగలనుకుని కాలర్ పట్టుకుంటాడు. దాంతో నెట్‌ని ఎంత నెట్టినా కదలదు. రోజుకి వంద హెచ్చరికలు. అనుమతించాలా? అనుమతించాలా? అనుమతులిచ్చి ఇచ్చి కార్మక్ మతి పోయింది. చదవడం మానేసి సరే, సరే అని నొక్కడం అలవాటైపోయింది.

"ఏంటి గురూ, మొహం అలా పాలిపోయింది?" ఇమోజెన్ టీ కప్పులు పట్టుకుని వచ్చింది. సినిమాతార నడక, మత్తెక్కించే సెంటు.

"ఫొటో వెళ్లట్లేదు. రెండు గోడలు ఆపేస్తా."

"పిచ్చా నీకు? ఒక్క గోడ తీసినా వాళ్లు నేరుగా లోపలికొస్తారు. ఇద్దరం పోతాం." అతని భుజం తట్టింది. "కంగారు పడకు, టీ తాగు. చక్కెర మరిచిపోయా, తెస్తానుండు."

ఆమె వంటింట్లోకి వెళ్లింది. మూడూ ఇరవై నాలుగు. మిగిలిన సమయం: ముప్ఫై రెండు నిమిషాలు. కార్మక్‌కి గోడల్లేని ఇల్లంటే చచ్చేంత భయం. కానీ ఇరవయ్యేళ్లుగా తనతో పనిచేసిన రొవీనా టికెట్ పట్టుకుని నిలబడి ఉండటం కళ్ల ముందు మెదిలింది. రెండు గోడలు ఆపేశాడు. పుట్టుగోడ ఒక్కటే మిగిలింది.

మిగిలిన సమయం ముప్ఫై రెండు నిమిషాల నుంచి మూడుకి పడిపోయింది.

అప్పుడొచ్చింది హెచ్చరిక. ఒకే ఒక్కటి. వేలు అలవాటుగా 'సరే' మీదికి పోయింది. గాల్లోనే ఆగింది. చాలా రోజుల తర్వాత కార్మక్ చదివాడు.

'ఉక్కుకంచె మీరు టైప్ చేసినవన్నీ బయటికి పంపాలనుకుంటోంది. అనుమతించాలా?'

ఆపేసినా ఆగని గోడ. రొవీనా బస్సు, టైము, సీటు నంబరు, అన్నీ తను టైప్ చేసినవే. 'వద్దు' నొక్కాడు.

"ఎప్పటిలాగే సరే నొక్కాల్సింది కార్మక్," వెనక నుంచి ఇమోజెన్ గొంతు. చక్కెర డబ్బా లేదు, చిన్న పిస్టల్ ఉంది. "ఎంత మంచి అలవాటు చేశాను నీకు. చేతులు పైకెత్తు. ఫొటో ఆపెయ్."

"ఆపను." ఆ మాట తనే అన్నాడా అని అతనికే అనుమానమొచ్చింది.

"అయితే నేనే ఆపుతా."

రాతిలోకి సిగ్నల్ రాదు. పైనున్న డిష్ నుంచి వైరు వెనక గదిలోని పాత గని గుంత వెంట దిగుతుంది. వైరు పీకితే కథ ముగుస్తుంది. ఆ వైరి పిస్టల్ అతని గుండెకే గురిపెట్టి, ఎడమ చేత్తో వెనక వైరుకోసం తడుముకుంటూ ఒక్కో అడుగే వెనక్కి వేసింది.

కార్మక్‌కి గుర్తొచ్చింది. నెట్ ఎందుకు నత్తలా పాకుతోందో చూద్దామని పొద్దున వైరు తడుముతూ గుంత మీది రేకు తీశాడు. మళ్లీ వేయలేదు. అడుగడుగునా గని గుంతలున్న ఈ ఊళ్లో నడక నేర్చిన పిల్లలు కూడా వెనక్కి నడవరు. ఇమోజెన్ వచ్చి రెండు వారాలే అయింది.

"ఇమోజెన్, వెనక్కి నడవకు. నిజంగా చెబుతున్నా. గుంత ఉంది."

ఆమె నవ్వింది. "హెచ్చరికలు చదవకూడదని నీకు నేర్పిందే నేను."

ఇంకో అడుగు వేసింది.

ముందు పిస్టల్ రాతికి తగిలిన చప్పుడు, తర్వాత ధబ్బున ఇంకోటి, ఆ తర్వాత కిందనుంచి తిట్లు. కార్మక్ కుర్చీలో కూలబడ్డాడు. తెర మీద: పంపబడింది. మూడూ ఇరవై ఎనిమిది.

నాలుగూ ఇరవైకి ఫోన్ మోగింది.

"రొవీనా బస్సెక్కలేదు. టైరులో గాలి తీసి, మనవాళ్లు వచ్చేదాకా టాయిలెట్‌లో దాక్కుంది. డ్రైవర్ దొరికాడు," అన్నాడు డెన్‌హామ్. "నీ కబురు అందింది. ఆ ఇమోజెన్ ఏది?"

"కిందుంది సార్. కాలు విరిగింది, నోరు బాగానే ఉంది."

"శభాష్. ఇక నీకు భద్రత పెంచాలి. ఇంకో రెండు ఫైర్‌వాల్స్ పంపిస్తాను."

కార్మక్ గుంత వైపు చూశాడు.

"గోడలు చాలు సార్. ఒక మంచి మూత పంపండి."