డెబ్బయ్యో కిలోమీటరు రాతిగది

నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మంచి పేరున్న గది కాదది.

మా ఊళ్ళో ఏటా నూరు కిలోమీటర్ల కొండపరుగు. సందు చివర కొట్టుకి కూడా బండి తీసేవాళ్ళు దానికి పేరిచ్చి, తర్వాత ఆ మోకాళ్ళు ఏడాదంతా మనకి చూపిస్తారు. సరే, మోకాళ్ళ సంగతి తర్వాత. డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర, కనుమ మీద, ఖాళీ రాతిగది. మంచులో చిక్కిన గొర్రెలకాపరి ఒకడు అందులోనే పోయాడట. చీకటి పడ్డాక దాని ముందు ఎవరూ ఆగరు.

ముందటేడు తాళాలాయన ఆగాడు. "నీళ్ళు లోపలున్నాయి అన్నయ్యా" అని చీకట్లోంచి తోడల్లుడి గొంతు. తోడల్లుడంటే పళ్ళ డాక్టరు. తాళాలాయన లోపలికి వెళ్ళాడో లేదో, బయట గడియ పడింది. ఊళ్ళో ప్రతి తాళమూ తీసే మనిషి, ఒక్క గడియకి తెల్లారేదాకా కూర్చున్నాడు!

ఏడాదంతా ఊరు నవ్వింది. మామగారింట్లో భోజనాల దగ్గర డాక్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు.

అందుకే నిరుడు తాళాలాయన గెలవడానికి పరుగెత్తలేదు. నడుముకి పావుకిలో తాళం కట్టుకుని పరుగెత్తాడు.

గది వెనక నక్కి తలదీపం ఆర్పాడు. గాలి... రాళ్ళమీద బూట్ల చప్పుడు... దీపాల వెలుగులో మొహాలు ఆనట్లేదు. ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. చెమట ఆరి ఒళ్ళు వణికింది. కసి మాత్రం ఆరలేదు.

ఎంతసేపటికో — దగ్గు. అచ్చం డాక్టరు దగ్గే. ఎవరో లోపలికి వెళ్ళారు.

తలుపు లాగాడు. గడియ పెట్టాడు. తాళం వేశాడు.

"ఎవరది?... తియ్యి..."

"నవ్వు తమ్ముడూ. ఏడాదంతా నవ్వావుగా."

"చలేస్తోంది..."

"నాకూ వేసింది."

ఎనభయ్యో కిలోమీటరు మజిలీకి ఈల వేసుకుంటూ దిగాడు. డేరాలో బల్లమీద కాళ్ళు చాపుకుని, వేడి సూపు ఊదుకుంటూ — డాక్టరు!

"ఏమైపోయావు అన్నయ్యా? గంటనుంచి చూస్తున్నా."

తాళాలాయన డేరా గుమ్మంలోంచి కనుమవైపు తిరిగి చూశాడు. "వెనక... ఇంకా ఎవరున్నారు?"

పేర్లు రాసుకునే టీచరమ్మ కాగితం చూసింది. "ఎవరూ లేరండీ. మీరే ఆఖరు."

అతను జరిగింది చెప్పాడు. డాక్టరు సూపు పక్కన పెట్టి గొంతు తగ్గించాడు.

"ఓ మాట అన్నయ్యా... పోయినేడు ఆ గడియ నేను వెయ్యలేదు. అక్కడ ఆగనే లేదు. అందరూ నా పనే అనుకుని భుజం తడుతుంటే... కాదనడమెందుకని నవ్వాను."

తాళాలాయన తాళంచెవి బల్లమీద పెట్టాడు. ముగ్గురూ దానివైపు చూశారు. ఎవరూ ముట్టుకోలేదు.

రాళ్ళు జారుతున్నాయని ఈ ఏడు పరుగుదారి మార్చారు. తాళం ఇంకా తియ్యలేదు.