పోయాకే పంపకం

"ఆగత్తా! కాల్చేస్తా!"

ఆమె ఆగదు.

రెండో అంతస్తు... మోకాళ్లు కలుక్కుమంటున్నాయి. చంకలో అన్నయ్య రాయించిన ట్రస్టు దస్తావేజు. వెనక పిస్తోలుతో మేనల్లుడు చంటి.

నలభై ఏళ్ల చంటి! పట్టుమని ఇరవై మెట్లెక్కేసరికి రొప్పుతున్నాడు.

ఛీ... వెంటపడటం కూడా చేతకాదు వీడికి!

మూడో అంతస్తు. తన ఆఫీసు. సెలవురోజు, తలుపుకి తాళం!

తాళంచెవి తీసేలోపే... మెడ మీద చల్లగా పిస్తోలు గొట్టం!

"ట్రస్టీవి నువ్వేగా? నా వాటా ఇప్పుడే నా పేరున రాయి!"

ఆమె మెల్లగా వెనక్కి తిరుగుతుంది.

"దస్తావేజు ఒక్కసారైనా చదివావురా? మీ నాన్న ఉన్నంతకాలం ఆస్తి ఆయనదే. పోయాక ముందు అప్పులు, పన్నులు. ఆ తర్వాతే పంపకం. అప్పుడు నువ్వు వద్దన్నా ఆపను."

"పోయాడుగా!"

పోయాడా?

పొద్దున్నే ఆసుపత్రిలో చూసొచ్చింది. అన్నయ్య నవ్వాడు కూడా!

"ఎవర్రా చెప్పింది?"

చంటి చూపు పక్కకి జారుతుంది.

"ఆక్సిజన్ లేకుండా... ఎంతసేపుంటాడు?"

"నువ్వు పీకేశావా?"

"మరి ఎన్నాళ్లు కాచుకోవాలి?" గయ్యిమంటాడు.

ఇన్నేళ్లూ వీణ్ణి ఒట్టి సన్నాసి అనుకుంది. ఆ మాట కూడా వీడికి ఎక్కువే!

ఫోన్ మోగుతుంది. ఆసుపత్రి నంబరు!

చంటి మొహం వెలిగిపోతుంది.

"కబురొచ్చింది! స్పీకర్ పెట్టు!"

ఆమె స్పీకర్ నొక్కుతుంది.

గరగర... ఆపైన సన్నటి గొంతు.

"చెల్లీ..."

అన్నయ్య!

"నర్సమ్మ చూడబట్టి బతికా. పైపు పీకింది చంటిగాడే. వాడి పేరు కొట్టేసి కొత్త కాగితం తీసుకురా. సంతకం పెడతా."

చంటి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"బతికుండగా ఆయన ఎప్పుడైనా మార్చుకోవచ్చురా," ఆమె అంటుంది. "అదీ చదవలేదా?"

ధన్!

ఆమె చెవి పక్కనే తలుపు అద్దం భళ్లుమంటుంది!

రెండో గుండు పేలేలోపే, అరుపులు విని పరిగెత్తుకొచ్చిన వాచ్‌మన్ వెనకనుంచి మీదపడి వాణ్ణి బోర్లా పడేస్తాడు. పిస్తోలు మెట్ల మీద దొర్లుకుంటూ పోతుంది.

"ఏమిటే ఆ చప్పుడు?" ఫోన్లో అన్నయ్య.

భుజం మీది గాజుపెంకులు దులుపుకుంటూ, కింద గింజుకుంటున్న మేనల్లుణ్ణి చూస్తుంది.

"ఏం లేదన్నయ్యా... రెండడుగుల దూరంలో నిలబడ్డా, నీ కొడుక్కి గురి కుదర్లేదు!"